అల్ప మోతాదు వికిరణం ఆరోగ్యానికి మేలు చేస్తుందా? – తూర్పు కనుమల నేపథ్యంలో ఒక పరిశీలన

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని బొర్రా గుహల గుండా పారే గోస్తనీ నది భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. తూర్పు కనుమలలోని ఈ భాగం ప్రధానంగా ఖోండలైట్, చార్నొకైట్ శిలలతో ఏర్పడింది. ఈ శిలలు శిథిలమైనపుడు విడివడే గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలు నదుల ద్వారా తీరానికి చేరి భీమిలి ఇసుకలో పేరుకొన్నాయి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. కనుక కొండ నుండి కడలి వరకు ఈ ప్రాంత ప్రజలు సహజ వికిరణం నడుమనే జీవిస్తున్నారు. ప్రపంచ సగటున ఒక వ్యక్తికి సహజ వనరుల నుండి ఏటా సుమారు 2.4 మిల్లీసీవర్టుల వికిరణం చేరుతుంది. ఇంత స్వల్ప మోతాదు హానికరమా, నిరపాయకరమా, లేక మేలు చేస్తుందా అన్న వాదం దశాబ్దాలుగా సాగుతున్నది.

రెండు సిద్ధాంతాలు

వికిరణ రక్షణ నిబంధనలకు ఆధారమైనది హద్దులేని రేఖీయ నమూనా. మోతాదు ఎంత తగ్గినా క్యాన్సరు ముప్పు అదే నిష్పత్తిలో తగ్గుతుందే గాని పూర్తిగా తొలగిపోదని ఇది భావిస్తుంది. సాధారణ ప్రజలకు సహజ, వైద్య వికిరణాలకు అదనంగా ఏడాదికి 1 మిల్లీసీవర్టు అన్న పరిమితి ఈ దృష్టితో ఏర్పడినదే.

రెండవది హార్మిసిస్ సిద్ధాంతం. ఎక్కువైతే విషమయ్యే పదార్థం స్వల్పంగా అందితే జీవిని ఉత్తేజపరుస్తుందని దీని సారాంశం. 1943లో సౌథమ్, ఎర్లిచ్ అనే పరిశోధకులు ఒక వృక్షసారం శిలీంధ్రాలపై చూపిన ప్రభావాన్ని వివరిస్తూ ఈ పదాన్ని వాడారు. 1980లో లక్కీ తన గ్రంథంలో దీనిని వికిరణానికి విస్తృతంగా అన్వయించారు. 1984లో ఒలివియేరి బృందం, ముందుగా స్వల్ప వికిరణానికి గురైన మానవ రక్తకణాలలో ఆ తరువాతి పెద్ద మోతాదు వలన క్రోమోజోముల విచ్ఛిన్నం తక్కువగా ఉన్నట్లు చూపింది. కణంలోని మరమ్మతు వ్యవస్థ ముందే మేల్కొనడం ఇందుకు కారణమని భావిస్తారు. అయితే కణస్థాయి స్పందన వ్యక్తి ఆయుష్షును పెంచుతుందా అన్నది వేరు ప్రశ్న.

శాస్త్ర సంస్థలలోనూ ఏకాభిప్రాయం లేదు. 2005లో ఫ్రెంచి అకాడమీలు స్వల్ప మోతాదులకు రేఖీయ నమూనాను వర్తింపజేయడాన్ని ప్రశ్నించగా, దాదాపు అదే కాలంలో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక ఆ నమూనానే సమర్థించింది.

జనాభా అధ్యయనాలు

కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక వలన సహజ వికిరణం అధికం. అక్కడ 69,958 మందిని సగటున పదిన్నరేళ్లు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. క్యాన్సరు ముప్పు పెరిగినట్లు కనబడలేదు. ఒక గ్రేకు అదనపు సాపేక్ష ముప్పు –0.13గా తేలింది. అయితే దాని విశ్వాస అవధి –0.58 నుండి 0.46 వరకు ఉన్నది. అనగా ఈ ఫలితంలో స్వల్ప మేలుకూ స్వల్ప హానికీ కూడా చోటున్నది. దీనిని హార్మిసిస్‌కు రుజువుగా చూపడం సరికాదు.

తైవాన్‌లో కోబాల్ట్-60తో కలుషితమైన ఉక్కుతో కట్టిన భవనాలలో నివసించిన వారిలో క్యాన్సరు మరణాలు బాగా తగ్గాయని 2004లో ఒక పత్రం వాదించింది. ఆ నివాసులలో యువత అధికమన్న అంశాన్ని అది తగినంతగా పరిగణించలేదు. వయస్సును లెక్కలోకి తీసుకొన్న 2006 నాటి విశ్లేషణలో ఆ తేడా చాలావరకు తగ్గింది. పురుషులలో కొన్ని రకాల లుకేమియా అధికంగా కనబడింది.

ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాలలోని 3,09,932 మంది అణు కార్మికులపై 2023లో వెలువడిన అధ్యయనంలో ఘన క్యాన్సరు మరణాల రేటు ఒక గ్రేకు సుమారు 52 శాతం పెరిగింది. ఈ లెక్కన 20 మిల్లీగ్రేలకు పెరుగుదల దాదాపు 1 శాతమే. ఇంత చిన్న తేడాను పొగాకు, ఆహారం, వయస్సుల ప్రభావం నుండి వేరు చేయడం కష్టం. వాదం తెగకపోవడానికి ముఖ్య కారణమిదే.

వ్యవసాయంలో ‘అల్ప మోతాదు’

వ్యవసాయ విద్యార్థులు ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. మొలక శక్తిని ఉత్తేజపరచేందుకు పొడి విత్తనాలపై ప్రయోగించే గామా మోతాదు కొన్ని గ్రేల నుండి కొన్ని పదుల గ్రేల వరకు ఉంటుంది. విత్తనానికి ఇది స్వల్పమే. కాని శరీరమంతటికీ ఒక్కసారిగా 4–5 గ్రేలు సోకి, చికిత్స అందకపోతే, మనుషులలో సుమారు సగం మంది మరణిస్తారు. కనుక విత్తన ప్రయోగాల ఫలితాలను మానవ ఆరోగ్యానికి అన్వయించరాదు. బాబా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన టీఏజీ-24 వేరుశనగ వంటి రకాలు కూడా ఈ వాదానికి సాక్ష్యం కావు. అవి వికిరణం కలిగించిన జన్యు మార్పుల నుండి, ఆపై జరిపిన సంకరణ, ఎంపికల నుండి వచ్చిన ఫలాలు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

గాలి కదలిక తక్కువగా ఉండే గుహలలో, రాతి కట్టడాలలో రాడాన్ వాయువు పోగుపడే అవకాశం ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సరు కారకాలలో ధూమపానం తరువాత ప్రధానమైనది రాడానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలో ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్‌లను సూచన స్థాయిగా పేర్కొన్నది. గంటసేపు గుహ చూసి వెళ్లే యాత్రికుని కంటే ఏడాది పొడవునా అక్కడే పనిచేసే గైడుకు చేరే మోతాదు సహజంగానే ఎక్కువ. అందుచేత అటువంటి పనిచోట్ల కొలతలు తీసుకోవడం, గాలి ప్రసరణ కల్పించడం, పొగ త్రాగడాన్ని మాన్పించడం ఆచరణయోగ్యమైన చర్యలు. పొగత్రాగేవారిలో రాడాన్ ముప్పు అనేక రెట్లు హెచ్చుతుంది.

సహజ వికిరణం గురించి గిరిజన గ్రామాలలో భయం కలిగించనవసరం లేదు. అదే విధంగా వికిరణ జలం, వికిరణ శిల ఆరోగ్యప్రదమన్న వ్యాపార ప్రచారాన్ని సమర్థించేందుకు ప్రస్తుత ఆధారాలు చాలవు. హార్మిసిస్ ఆధారంగా పరిమితులను సడలించాలన్న అర్జీలను అమెరికా అణు నియంత్రణ సంఘం 2021లో తిరస్కరించింది. మేలు నిరూపితమయ్యే వరకు అనవసర వికిరణాన్ని తగ్గించుకోవడమే విస్తరణ శాస్త్రవేత్తలు ఇవ్వదగిన సలహా.