గచ్చుకీ గోడకీ మధ్య సందు

తెనాలి దగ్గర ఒక పల్లె. అందులో ఒక స్లాబు ఇల్లు. వాకిట్లో సిమెంటు గచ్చు ఉంది. గచ్చు గోడను కలిసే చోట సందు పడింది. ప్రతి ఏడూ ఆ ఇంటి కోడలు సందులో సిమెంటు పూస్తుంది. మళ్ళీ ఏడు తిరక్కుండానే అది పగులుతుంది.

"ఎన్నిసార్లు పూసినా నిలవట్లేదు అత్తయ్యా! సిమెంటు కల్తీదేమో" అంది కోడలు.

తాపీ మేస్త్రీ వచ్చి చూశాడు. "సిమెంటు తప్పు కాదమ్మా. అక్కడ సిమెంటు పూయటమే తప్పు" అన్నాడు.

ఎందుకు తప్పు?

ఎండకు కాంక్రీటు కాస్త సాగుతుంది. చల్లబడితే ముడుచుకుంటుంది. 30 అడుగుల గచ్చు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే అగ్గిపుల్ల మందం కన్నా కొంచెం ఎక్కువ. సాగటానికి చోటు లేకపోతే గచ్చు గోడను నెడుతుంది. అప్పుడు ఏదో ఒకటి పగులుతుంది. అందుకే చోటు వదులుతారు. ఆ చోటునే జాయింటు అంటారు.

రేపల్లె దగ్గర పెనుమూడి - పులిగడ్డ వంతెన ఉంది. అంత పెద్ద వంతెనకూ ఇలాంటి జాయింట్లు కావాలి.

తెనాలి వైపు నల్లరేగడి నేల ఎక్కువ. అది వానకు ఉబ్బుతుంది. ఎండకు నెర్రెలిస్తుంది. దాంతో గచ్చు ఇంకా కదులుతుంది. బాపట్ల వైపు సముద్రపు ఉప్పుగాలి. పగుళ్ళలోంచి తడి, ఉప్పు లోపలికి పోతే ఇనుప చువ్వలు తుప్పు పడతాయి.

సందు వదిలేస్తే ఏమవుతుంది?

వాన నీరు సందులోకి దిగుతుంది. గచ్చు కింద మట్టి కొట్టుకుపోతుంది. గచ్చు కుంగుతుంది. మెట్లు గోడ నుంచి విడిపోతాయి. తేళ్ళు, పాములు సందులో చేరతాయి. పిల్లలు ఆడుకునే చోటు అది.

ఎలా బాగుచేయాలి?

1. సంక్రాంతి దాటాక, వానలు లేని రోజుల్లో పని పెట్టుకోవాలి. మిట్టమధ్యాహ్నం వద్దు.

2. పాత సిమెంటు ముక్కలు, మట్టి, రావి మొక్కల వేర్లు తీసెయ్యాలి. సందులో చెయ్యి పెట్టవద్దు. ఇనుప చువ్వతో గోకాలి. తర్వాత బ్రష్షుతో దుమ్ము దులపాలి.

3. సందును రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వాలి. తడి ఉంటే మందు అంటుకోదు.

4. సందులో నురుగు తాడు కూరాలి. ఇది హార్డ్‌వేరు షాపుల్లో అడగాలి. సందు కన్నా కాస్త లావు తాడు తీసుకోవాలి. పైన అర అంగుళం ఖాళీ ఉంచాలి.

5. ఆ ఖాళీలో సీలెంటు నింపాలి. ఇది రబ్బరులా సాగే మందు. గచ్చు కదిలితే ఇదీ కదులుతుంది. గచ్చు మట్టం కన్నా కాస్త కిందికే నింపాలి.

కొందరు తారు కాచి పోస్తారు. మరిగే తారు మీద పడితే ఒళ్ళు కాలుతుంది. ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు.

డబ్బా మీద రాసింది చదవండి. గడువు తేదీ చూడండి. ఎన్ని గంటలు ఆరాలో చూడండి. దుకాణదారు చెప్పిందే కాదు, మనమూ చదివి కొనాలి.

మేస్త్రీని ఎప్పుడు పిలవాలి?

గోడ మీద ఏటవాలు పగులు వస్తే అది జాయింటు కాదు. పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీయండి. పక్కన తేదీ రాయండి. నెల తర్వాత చూడండి. పగులు గీత దాటితే మేస్త్రీకి చూపించాలి. స్లాబు పెచ్చులూడి తుప్పు చువ్వ కనపడితే ఆగవద్దు. వెంటనే ఇంజనీరుకు చూపించాలి. దాని కింద పిల్లల్ని పడుకోబెట్టవద్దు.

ఆ ఇంటి కోడలు ఈసారి సిమెంటు కొనలేదు. తాడు, సీలెంటు తెచ్చింది. డబ్బా మీద అక్షరాలు కూడబలుక్కుని చదివింది. పని అయ్యాక గోడ మీద తేదీ రాసింది.

మీ ఇంట్లో చూడండి

గచ్చుకీ గోడకీ మధ్య సందు ఉందా? అందులో ఏమి నింపారు? చూసి మీ నోటు పుస్తకంలో రాయండి.