నల్లనేటిలో చిన్న పడవ

బ్రెజిల్‌లో రియో నీగ్రో మీద పది ఇరవై మంది మాత్రమే పట్టే చెక్క పడవలు తిరుగుతాయి. రెండు ఒడ్డుల వెంబడీ వర్షారణ్యం, ఆ అడవినే నమ్ముకున్న పల్లెలు. అమెజాన్ అనగానే మనకు గుర్తొచ్చేది మనుషులు లేని కీకారణ్యం. ఈ పడవ ఎక్కినవాళ్లకు మాత్రం ఆ అభిప్రాయం ఎక్కువసేపు నిలవదు.

మనౌస్ రేవులో ఒక గోడ మీద వరుసగా సంవత్సరాలు రాసి ఉంటాయి. ఏ ఏడు నది ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పే లెక్క అది. ఇక్కడ నీటిమట్టాన్ని 1902 నుంచీ కొలుస్తున్నారు. 2021 జూన్‌లో రియో నీగ్రో 30 మీటర్లు దాటింది. ఈ లెక్క మొదలయ్యాక అదే అత్యధికం. మూడేళ్లు తిరిగేసరికి, 2024 అక్టోబరులో, 12 మీటర్ల చిల్లరకు పడిపోయింది. అదే అత్యల్పం. మామూలు సంవత్సరాల్లో కూడా జూన్‌కీ అక్టోబరుకీ మధ్య నది పది మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. చేప ఎక్కడ దొరుకుతుంది, ఇల్లు ఎంత ఎత్తున కట్టుకోవాలి, పిల్లల్ని బడికి తీసుకెళ్లే పడవ ఏ పాయలోంచి రావాలి అన్నవన్నీ ఆ నీటిని బట్టే తేలతాయి.

అందుకే ఇక్కడ విహారయాత్రకు స్థిరమైన దారంటూ ఉండదు. జూన్‌లో చెట్ల నడినెత్తిన సాగిన పడవ, అక్టోబరులో వస్తే తెల్లటి ఇసుక తిన్నెల దగ్గర ఆగిపోతుంది. పెద్ద ఓడలకు ఈ మార్పులతో చిక్కు. లోతు తక్కువున్నా నడిచే చిన్న పడవలు మాత్రం సన్నటి పాయల్లోకి దూరిపోగలవు. వాటికి కట్టిన మోటారు తెప్పలు ఇంకా లోపలికి తీసుకెళతాయి.

కలిసీ కలవని నీళ్లు

ప్రయాణం మొదలయ్యే మనౌస్ అడవి నడుమ ఇరవై లక్షల మంది ఉన్న మహానగరం. ఊరు దాటగానే కనిపించే వింత రెండు నదుల సంగమం. కొలంబియాలో పుట్టి 2,250 కిలోమీటర్లు నడిచొచ్చిన రియో నీగ్రో ఇక్కడ సొలిమోయిస్‌తో కలుస్తుంది. అమెజాన్ నదికి బ్రెజిల్‌లో ఈ సంగమం దాకా ఉన్న పేరే సొలిమోయిస్. ఒకటి నలుపు, ఒకటి మట్టిరంగు. సుమారు ఆరు కిలోమీటర్లు రెండూ పక్కపక్కనే పారతాయి, మధ్యన గీత గీసినట్టే ఉంటుంది. సొలిమోయిస్ ఆండీస్ పర్వతాల ఒండ్రును మోసుకొస్తుంది, వేగం ఎక్కువ, నీరు చల్లన. రియో నీగ్రో నెమ్మదిగా పారుతుంది, నీరు వెచ్చన. వేగం, వేడి, బరువు వేరు కావడంతో అవి ఓ పట్టాన కలవవు.

నల్లనీరంటే మురికి నీరు కాదు. ఇసుక నేలల మీద రాలిన ఆకులు కుళ్లి, ఆ సారం నీటిలోకి దిగుతుంది. గ్లాసులో పడితే పలచని డికాషన్ రంగులో ఉంటుంది. దానికి ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి దోమ పిల్లలు సరిగా బతకవు. అమెజాన్ అంటే దోమలకు భయపడేవాళ్లు రియో నీగ్రోను ఎంచుకోవడానికి ఇదే కారణం. అయితే ఒండ్రు లేని నీరు కావడంతో చేపలూ తక్కువే, ఒడ్డున పంటలూ అంతంతమాత్రమే. సందర్శకుడికి హాయిగా ఉన్నదే పల్లెవాసికి కష్టం.

చెట్ల మధ్య నుంచి...

మనౌస్ నుంచి ఎగువకు వందకు పైగా కిలోమీటర్లు వెళితే నోవో ఐరావ్. చెక్క పడవల తయారీకి పేరున్న చిన్న పట్నం. దీని ఎదుటే అనవిల్యానస్ నేషనల్ పార్కు. నది ఇక్కడ కొన్నిచోట్ల 20 కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. ఆ వెడల్పులో దాదాపు 400 పొడవాటి లంకలు. వాటి నడుమ పాయలు, సరస్సులు. దారి తెలిసిన సరంగు లేకుండా ఇందులోకి వెళితే తిరిగి రావడం కష్టం.

నీరు నిండుగా ఉన్న నెలల్లో లంకలు మునిగిపోతాయి. ఇలా మునిగే నల్లనీటి అడవిని స్థానికులు ఇగపో అంటారు. ఏడాదిలో సగానికి పైగా నీళ్లలో నిలబడినా ఇక్కడి చెట్లు చావవు. నీరు వచ్చే వేళకే కాయలు పండి రాలతాయి. వాటిని తినడానికి చేపలు అడవిలోకి వస్తాయి. తంబకి అనే పెద్ద చేప రబ్బరు గింజల్ని సైతం పళ్లతో పటపటా కొరికేస్తుంది. నమలకుండా మింగిన గింజలు దానితోపాటు ప్రయాణించి మరోచోట మొలుస్తాయి. ఈ అడవికి విత్తనాలు చల్లే పనిలో పక్షులతోపాటు చేపలకూ వాటా ఉంది.

పడవ మీద రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. మోటారు ఆపి, తెడ్లతో నెమ్మదిగా పోతుంటే పంచవన్నెల చిలుకల జంటలు, కొమ్మకు వేలాడే స్లాత్‌లు, తెల్లబూరుగు మహావృక్షాలు కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండకు అందరూ ఊయల మంచాల్లోనే. చీకటి పడ్డాక మళ్లీ తెప్ప ఎక్కితే, టార్చి వెలుగులో కెయిమన్ మొసళ్ల కళ్లు ఎర్రగా మెరుస్తాయి.

గులాబీ రంగు డాల్ఫిన్ బోటో కూడా ఇక్కడిదే. జూన్ జాతరల వేళ అది తెల్లబట్టలు కట్టిన అందగాడై ఒడ్డుకు వస్తుందని, తల మీది రంధ్రం కనబడకుండా టోపీ తీయదని, ఆడపిల్లల్ని వలలో వేసుకుని తెల్లారేసరికి నీళ్లలోకి జారుకుంటుందని కథలు చెబుతారు. తండ్రెవరో చెప్పని బిడ్డను బోటో బిడ్డ అనడం పాత అలవాటు.

రబ్బరు తెచ్చిన జనం

ఒడ్డున పొడవాటి గుంజల మీద కట్టిన ఇళ్లు, దుంగల మీద తేలే ఇళ్లు కనిపిస్తాయి. వీటిలో ఉండేవాళ్లను రిబెయిరిన్యోలు అంటారు, ఏటి ఒడ్డు జనం. వీళ్లలో చాలామంది పూర్వీకులు ఒకవైపు ఆదివాసులు, మరోవైపు బ్రెజిల్ ఈశాన్యం నుంచి వచ్చిన కరవు బాధితులు. 1877 నాటి ఘోర కరవులో సెయరా ప్రాంతం నుంచి వేలాదిమంది రబ్బరు పాలు గీసే పనికి ఇటు వచ్చారు. వ్యాపారి సరుకులు అప్పుగా ఇచ్చేవాడు, రబ్బరు తీసుకుని లెక్క తానే రాసుకునేవాడు. ఎన్నాళ్లు గీసినా అప్పు తీరేది కాదు. ఆ సొమ్ముతోనే మనౌస్‌లో ఇటలీ పాలరాయి, స్కాట్లండ్ ఇనుము దించుకుని 1896 నాటికి ఒపేరా హౌస్ కట్టారు. యాత్రికులు మొదట చూసేది దాన్నే.

ఈ కథలో మనవాళ్ల ప్రస్తావనా ఉంది. 1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ నుంచి దాదాపు 70 వేల రబ్బరు గింజల్ని లండన్‌లోని క్యూ తోటకు చేరవేశాడు. అక్కడ మొలిచిన మొక్కలు సింహళానికి, మలయాకు వెళ్లాయి. తోటల రబ్బరు చవకగా రావడంతో అమెజాన్ వ్యాపారం కుప్పకూలింది. ఆ మలయా తోటల్లో కూలికి విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ మలేసియాలో ఉన్నారు. ఇక్కడి గింజ సముద్రం దాటి, ఇక్కడి కూలీ పని పోగొట్టింది, అక్కడ మన కూలీని తోటలో దింపింది.

కర్రపెండలం పొయ్యి దగ్గర

పల్లెలో దిగిన యాత్రికుడిని ముందుగా తీసుకెళ్లేది పిండి చేసే పాకకే. పెద్దాపురం, సామర్లకోట సగ్గుబియ్యం మిల్లుల చుట్టుపక్కల పెరిగినవాళ్లకు అక్కడి దుంపను పరిచయం చేయక్కర్లేదు. అది కర్రపెండలం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికానే. అయితే రియో నీగ్రో మీద ఎక్కువగా పండించేది చేదు రకం, పచ్చిగా తింటే విషం. దాన్ని నానబెట్టి, తురిమి, తిపితి అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరి వేలాడదీస్తారు. గొట్టం కిందికి లాగితే బిగుసుకుని రసం కారిపోతుంది. మిగిలిన పిప్పిని జల్లించి, వెడల్పాటి పెనం మీద చెక్క తెడ్డుతో గంటల తరబడి కలియబెడుతూ వేయిస్తే ఫరీన్యా. అన్నంలో, చేపలో, పప్పులో, అన్నిటిలోనూ అదే చల్లుకుంటారు. కారిన రసాన్ని విషం విరిగేదాకా మరగబెడితే తుకుపి అనే పుల్లటి పులుసు. అడుగున పేరిన పిండితో అట్లు పోస్తారు.

ఎగువ రియో నీగ్రో ఆదివాసుల దగ్గర ఈ దుంపలో వందకు పైగా రకాలున్నాయి. తల్లి కూతురికి, వదిన మరదలికి నాటే కర్రలు ఇచ్చిపుచ్చుకోవడం వల్లే అవి నిలిచాయి. వీళ్ల సేద్య పద్ధతిని 2010లో బ్రెజిల్ జాతీయ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. విత్తన బ్యాంకులు చేసే పనిని ఆడవాళ్లు చుట్టరికంతోనే చేసుకొస్తున్నారు.

గొడ్డలి దించిన ఊరు

అడవిని కాపాడాలంటే మనుషుల్ని బయటికి పంపాలన్నది పాత ఆలోచన. 1980లో ఎగువన జావూ నేషనల్ పార్కు ఏర్పడినప్పుడు అదే జరిగింది. తరాలుగా అక్కడున్న చాలా కుటుంబాలు ఇల్లూ పొలం వదిలి నోవో ఐరావ్ చేరాయి. తర్వాతి కాలంలో ఆలోచన మారింది. 2008లో ఏర్పాటు చేసిన రియో నీగ్రో సుస్థిరాభివృద్ధి రిజర్వులో జనం అక్కడే ఉండొచ్చు. ఎంత కొట్టాలి, ఎంత పట్టాలి అన్నదానికి నియమాలుంటాయి.

ఆ రిజర్వులోని తుంబిరా అనే పల్లెకు చాలా పడవలు వెళతాయి. ఒకప్పుడు ఇక్కడి మగవాళ్ల బతుకు కలప కొట్టడమే. రిజర్వు వచ్చాక ఆ పనికి అడ్డుకట్ట పడింది. అమెజోనాస్ రాష్ట్రం 2007లో మొదలుపెట్టిన పథకం కింద, కొత్తగా అడవి నరకబోమని మాట ఇచ్చిన కుటుంబానికి నెలకు 50 రియాళ్లు ఇచ్చేవారు. దాంతో పూట గడవదు. అందుకే బడి, అతిథి గృహం, చేతిపనులు, గైడు పని తోడయ్యాయి. ఏ చెట్టు కలపకు పనికొస్తుందో కనిపెట్టగలిగిన కన్నే, ఇప్పుడు ఏ చెట్టు మీద ఏ పక్షి గూడు ఉందో చూపిస్తోంది. ఇలాంటి ఊళ్లను చూడటమే ఈ ప్రయాణానికి అసలు ఫలం. అక్కడి మనిషికి నిలబడ్డ చెట్టు వల్ల, పడిపోయిన చెట్టు కన్నా ఎక్కువ దక్కినప్పుడే అడవి మిగులుతుంది.

అన్ని సందర్శనలూ ఒకటి కావు. మనౌస్‌కు దగ్గర్లో, ఎగువ నుంచి వలస వచ్చిన దెసానా, తుకానో, తతుయో కుటుంబాలు ఈకల కిరీటాలు పెట్టుకుని సందర్శకుల ముందు ఆడతాయి. నటన అని కొందరు ముఖం చిట్లిస్తారు. కానీ కూలి పని కన్నా మా పాటే మాకు అన్నం పెట్టాలనుకోవడంలో తప్పేముంది? తేల్చుకోవాల్సింది డబ్బు ఎవరి చేతికి వెళుతోందన్నదే. దళారీ జేబులోకి పోతే అది ప్రదర్శన, ఊరికి చేరితే జీవనోపాధి. ఇక కట్టేసిన స్లాత్‌నో పెద్ద పామునో మెడలో వేసి ఫొటో తీస్తామనే చోట మాత్రం దిగొద్దు. అడవి జంతువును అనుమతి లేకుండా బంధించి ఉంచడం బ్రెజిల్‌లో నేరం.

నది ఎండిన ఏళ్లు

2023లో, మళ్లీ 2024లో వచ్చిన కరవు ఈ బతుకునంతా అతలాకుతలం చేసింది. పాయలు ఎండి పడవలు బురదలో కూరుకుపోయాయి. రోడ్డు అన్నదే లేని పల్లెలకు బియ్యం, మందులు, తాగునీరు చేరలేదు. 2023లో సొలిమోయిస్ వైపు తెఫె సరస్సులో నీరు 39 డిగ్రీలు దాటి 150కి పైగా డాల్ఫిన్లు చనిపోయాయి. మనౌస్ దగ్గర నీరు తగ్గి, పూర్వులు రాతి మీద చెక్కిన మనుషుల ముఖాలు బయటపడ్డాయి. వాటి వయసు వెయ్యేళ్లకు పైనే. మనం మనుషులే లేరనుకున్న అడవిలో ఎంత కాలం నుంచి మనుషులున్నారో ఆ రాళ్లే చెప్పాయి.

వెళ్లాలనుకుంటే...

మన దేశం నుంచి సావో పాలో చేరి, అక్కడి నుంచి నాలుగు గంటల విమానంలో మనౌస్ వెళ్లాలి. వీసా తప్పనిసరి. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకుని, ధ్రువపత్రం దగ్గరుంచుకోవాలి. అది లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో ఈ టీకా వేస్తారు. మునిగిన అడవిలో పడవ ప్రయాణం కావాలంటే మే నుంచి జులై, ఇసుక తిన్నెలు కావాలంటే సెప్టెంబరు నుంచి నవంబరు. అన్నం, చిక్కుడు గింజల కూర అక్కడి రోజువారీ భోజనమే కాబట్టి శాకాహారులు పస్తుండక్కర్లేదు.

2019లో గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం చూసినవాళ్లం మనం. పడవకు నౌకాదళం అనుమతి ఉందా, అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లున్నాయా అని అడగడానికి మొహమాటపడొద్దు. దాంతోపాటు మరో మూడు సంగతులు కూడా అడగండి. గైడు ఏ ఊరివాడు? ఊళ్లోకి వస్తున్నట్టు ఆ ఊరివాళ్లకు ముందే చెప్పారా? టికెట్ డబ్బులో వాళ్ల వాటా ఎంత? వీటికి తడుముకోకుండా జవాబిచ్చే పడవనే ఎక్కండి.