రాము కొన్న కంబళి

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల మనవారి పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన ఏర్పాటు. కనుక ఈ నెల ఒక కన్నడ చిత్రాన్ని గూర్చి వ్రాస్తే చదువరులు ఆక్షేపించరని నమ్మకం.

1985లో వచ్చిన ‘బెట్టద హూవు’, అనగా కొండపూవు, షెర్లీ అరోరా ఇంగ్లీషు నవల ఆధారంగా ఎన్. లక్ష్మీనారాయణ్ తీసిన చిత్రం. రాము బీదవాడు, చదువంటే ప్రాణం. ఇంటి భారం మీద పడి బడికి దూరమవుతాడు. కొండల్లో పూలు ఏరి ఒక విదేశీ మహిళకు ఇచ్చి, వచ్చిన డబ్బు ఇంట్లో ఇవ్వగా మిగిలిన కాసులు కూడబెడతాడు. దేనికంటారా? కువెంపుగారి ‘శ్రీరామాయణ దర్శనం’ కొనడానికి! 1955లో సాహిత్య అకాడమీ బహుమానమూ, పిమ్మట జ్ఞానపీఠమూ పొందిన ఆ మహాకావ్యాన్ని పెద్దలే తడుముకొంటూ చదువుతారు. తీరా డబ్బు చేరేసరికి ఇంట్లో చిన్నవాళ్ళు చలికి వణుకుతున్నారు. రాము పుస్తకం మాని కంబళి కొన్నాడు.

“ఎంత బుద్ధిమంతుడో” అని తలిదండ్రులు మెచ్చుకొంటారు. నాకు ఆ మెప్పు అంతగా రుచించదు. పిల్లవానికి కంబళీ కావలె, పుస్తకమూ కావలె. తండ్రి పోయిన ఇంట్లో పెద్దకొడుకును బడి మాన్పించి, రేష్మె నూలు తీసే చోటికి పంపి, వాడి బుద్ధిని పొగడిన బంధువులు మన పక్కన లేకపోలేదు గదా!

ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారూ తెలుగింటి బిడ్డే. పూర్వుల వూరు మోక్షగుండం. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. కాని బెంగుళూరులో ఒక మేనమామ ఉన్నాడు. ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ 1881లో బి.ఏ. ముగించారు. ఆ మేనమామను మనం తలచుకొనేది తక్కువ.

చావును గూర్చి పిల్లలతో మాట్లాడడానికి మనకు నోరు రాదు. “వూరికి పోయినాడు” అంటాము. సత్యజిత్ రాయ్ 1955 నాటి ‘పథేర్ పాంచాలి’లో అక్క దుర్గ పోయిన పిమ్మట అపుకు ఒక హారం దొరుకుతుంది. తాను దొంగిలించలేదని అక్క చెప్పిన హారం అది. ఎవరికీ చూపక చెరువులో పారవేస్తాడు. అంతటి పసివాడికీ అక్క పరువు తెలుసు. మనమే వాడికేమీ తెలియదనుకొంటాము.

రాముగా నటించిన రాజకుమార్‌గారి చిన్న కొడుకు పునీత్‌కు ఉత్తమ బాలనటుడుగా జాతీయ బహుమానం వచ్చింది. 2021 అక్టోబరు 29న, 46 యేళ్ళ వయసులో, హఠాత్తుగా కన్నుమూశాడు. ‘అప్పు’ పోయినాడని మన వీధుల్లోనూ పిల్లలు ఏడ్చారు, పెద్దలూ ఏడ్చారు. ఆ దినం మాత్రం ఎవరూ “వూరికి పోయినాడు” అనలేదు.

పిల్లలతో కూర్చుని చూడండి. కంబళి ఘట్టం దగ్గర వాళ్ళేమంటారో ముందు వినండి. మీ మెప్పు తరువాత చెప్పవచ్చు.