కార్యాలయ నెట్‌వర్క్‌లో పేర్ల నిర్వహణ: హోస్ట్స్ ఫైలా, స్థానిక నేమ్ సర్వరా?

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కొడిమ్యాల మండలం కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల జిల్లా పరిధిలోకి వచ్చిన విషయం విదితమే. అంతకుముందే, 2014లో రాష్ట్రావతరణ దరిమిలా పలు ప్రభుత్వ వెబ్‌సైట్ల పేర్లు కూడా మారాయి. బోర్డులు, రబ్బరు స్టాంపులు కంటికి కనిపిస్తాయి కనుక వాటిని వెంటనే మార్చడం జరుగుతుంది. కంప్యూటర్ల లోపల రాసిపెట్టిన పేర్లు, చిరునామాలు కంటపడవు.

నెట్‌వర్క్‌లోని ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. పేరును ఆ చిరునామాతో జతపరిచేందుకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, ప్రతి కంప్యూటర్‌లో ఉండే హోస్ట్స్ ఫైల్. రెండవది, అందరి తరఫున సమాధానమిచ్చే నేమ్ సర్వర్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లోనూ తొలుత ఒకే ఫైల్ ఉండేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దానిని నిర్వహించగా, మిగిలినవారు నకళ్లు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరగడంతో ఆ పద్ధతి సరిపోలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్‌ను రూపొందించారు.

నాలుగైదు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, చిరునామా మారని ఒక సర్వర్ ఉన్న కార్యాలయానికి హోస్ట్స్ ఫైల్ చాలు. అదనపు యంత్రం అక్కరలేదు, నిర్వహణ భారమూ లేదు. అయితే విండోస్‌లో నోట్‌ప్యాడ్‌తో భద్రపరిచేటప్పుడు ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ చేరితే ఆ ఫైల్ పనిచేయదు. తరచుగా జరిగే పొరపాటు ఇదే.

20 కంప్యూటర్లు, 5 పేర్లు ఉంటే మొత్తం 100 వరుసలు రాయవలసి ఉంటుంది. ఒక సర్వర్ చిరునామా మారితే 20 చోట్ల దిద్దాలి. ఒక్కచోట మరచినా చిక్కే. సాధారణంగా కంప్యూటర్ ముందుగా హోస్ట్స్ ఫైల్‌నే చూస్తుంది కనుక, సరైన చిరునామా బయట అందుబాటులో ఉన్నా పాతదానికే వెళుతుంది. ధ్రువపత్రం కోసం వచ్చిన రైతుకు ఒక సీటు వద్ద "సర్వర్ డౌన్" అన్న సమాధానం వస్తుంది. పక్క సీటులో అదే పని సజావుగా సాగుతుంది. ఇటువంటి ఫిర్యాదు వచ్చినపుడు పక్క కంప్యూటర్‌లో సరిచూసుకోవడం అధికారులకు, పాత్రికేయులకు కూడా ఉపయుక్తం.

కొడిమ్యాల మండలం నాచుపల్లిలోని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల వంటి ప్రాంగణాలలో ప్రయోగశాలల యంత్రాలతో పాటు విద్యార్థుల ఫోన్లూ ఉంటాయి. ఫోన్లలో హోస్ట్స్ ఫైల్ దిద్దడం ఆచరణసాధ్యం కాదు. అటువంటి చోట నేమ్ సర్వర్ తప్పనిసరి. డీఎన్‌ఎస్‌మాస్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పాత కంప్యూటర్ ఒకటి సరిపోతుంది. అది తన యంత్రంలోని హోస్ట్స్ ఫైల్‌నే చదివి అందరికీ అందిస్తుంది. కనుక ఇదివరకు తయారుచేసిన జాబితా వృథా కాదు. దిద్దవలసిన చోటు మాత్రం ఒక్కటే అవుతుంది.

ఇందులోనూ ఇబ్బందులు లేకపోలేదు. ఆ ఒక్క యంత్రం ఆగితే కార్యాలయమంతటా పేర్లు పలకవు. అందువలన రెండవ సర్వర్‌ను సిద్ధంగా ఉంచుకోవాలి. బయటి నెట్‌వర్క్‌ల ప్రశ్నలకు అది సమాధానమివ్వకుండా కట్టడి చేయాలి. లేనిపక్షంలో ఇతరులపై దాడులకు దానిని వాడుకునే ప్రమాదముంది.

నేమ్ సర్వర్‌కు మారే ముందు ప్రతి కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్ నుండి పాత వరుసలను తొలగించాలి. వాటిని అలాగే వదిలివేస్తే కొత్త సర్వర్ ఉన్నప్పటికీ ఆ యంత్రం పాత చిరునామానే పట్టుకుని ఉంటుంది.