ఒకే పరీక్ష – పలు వేదికలు

మనం కంప్యూటరులో భద్రపరచుకొనే ప్రతి అక్షరమూ ఏదో ఒక ఫైలులో ఉంటుంది. ఆ ఫైళ్ళకు పేర్లు నిలిపి, చోటు కేటాయించి, కోరినప్పుడు తెచ్చి ఇచ్చే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. గాదెను నమ్మి ధాన్యం పోసిన రైతువలె మనం దానిని నమ్ముతున్నాం. ఆ నమ్మకం వమ్ము కాకుండా నిపుణులు దానిని పరీక్షిస్తుంటారు. ఫైలును సృష్టించడం, పేరు మార్చడం, తొలగించడం వంటి పనులను వరుసగా చేయించి, ఫలితాన్ని సరిచూసే ఆజ్ఞల సముదాయమే పరీక్షా స్క్రిప్టు.

ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన స్క్రిప్టును మరొకదానిపై నడిపినప్పుడు చిక్కులు ఎదురవుతాయి. ఖాళీగా లేని డైరెక్టరీని తొలగించబోతే లినక్స్ 39వ సంఖ్య గల దోషాన్ని, ఫ్రీబీఎస్‌డీ 66వ సంఖ్య గల దోషాన్ని తెలుపుతాయి. రెండింటి భావం ఒక్కటే. కాని 39 కోసమే ఎదురుచూసే స్క్రిప్టు, సక్రమంగా పనిచేసిన ఫ్రీబీఎస్‌డీని దోషిగా నిలబెడుతుంది.

ఈ భేదాలు తెలుగు పేర్లకూ వర్తిస్తాయి. లినక్స్‌లోని ఎక్స్‌ట్4లో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు కనుక, పూర్తిగా తెలుగులో ఉన్న పేరుకు 85 సంకేతాలే పడతాయి. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 తెలుగు సంకేతాలు పడతాయి. ఆపిల్ సంస్థ 1998లో తెచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 'శైలి' అనే పేరులోని ఐత్వాన్ని పై గుర్తుగా, కింది గుర్తుగా విడదీసి రెండు సంకేతాలుగా దాచేది. కంటికి పేరు మారదు. బైట్లను పోల్చే స్క్రిప్టుకు మాత్రం అది వేరొక పేరు.

ఇట్టి వైవిధ్యంలో ఏకత్వం సాధించడానికి 1988లో పోసిక్స్ ప్రమాణం వెలువడింది. స్క్రిప్టు ఆ ప్రమాణంలోని ఆజ్ఞలనే వాడుకోవాలి. దోషాలను సంఖ్యతో కాక పేరుతో పోల్చాలి. వేదికల మధ్య భేదాలను స్క్రిప్టు అంతటా వెదజల్లక ఒకేచోట నమోదు చేయాలి. ఒక సౌకర్యం ఆ వేదికపై లేకపోతే పరీక్ష నెగ్గిందనిగాని, ఓడిందనిగాని అనక, 'జరపలేదు' అని స్పష్టంగా చెప్పాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను ఫ్రీబీఎస్‌డీకి తెచ్చిన పావెల్ యాకుబ్ దావిదెక్, ఆ పనిని సరిచూడడానికి రూపొందించిన పరీక్షల సంపుటి ఇందుకు చక్కని నిదర్శనం. అందులోని చిన్న ప్రోగ్రాము దోషం పేరునే తెలుపుతుంది. అందువల్ల అది ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ విస్తరించగలిగింది.

అయితే, ప్రతి భేదాన్నీ మన్నించడం తగదు. డైరెక్టరీని ఫైలువలె తొలగించబోతే 'అనుమతి లేదు' అనే దోషం రావాలని పోసిక్స్ విధించింది. లినక్స్ 'ఇది డైరెక్టరీ' అంటుంది. ఇది తెలిసి చేసుకొన్న మార్పు. దీనిని అంగీకరించవచ్చు. కాని 'ఏ ఫలితమైనా సరే' అని సరిపెట్టుకొంటే, రాసిన సమాచారాన్ని పోగొట్టే అసలు దోషం కూడా ఆ సందులోనుంచే తప్పించుకొంటుంది. ప్రాచీన కావ్యాల పరిష్కర్త తాళపత్ర ప్రతులను ఎదుట పెట్టుకొని, ఏది పాఠాంతరమో, ఏది లేఖక దోషమో నిర్ణయిస్తాడు. పరీక్షా స్క్రిప్టు రాసేవారికీ ఆ వివేకమే కావాలి. నిర్దోషిని నిందించే పరీక్షను ఎవరూ లక్ష్యపెట్టరు. దోషిని విడిచిపెట్టే పరీక్షవల్ల మన ఫైళ్ళకే రక్షణ ఉండదు.