కుంపటి చల్లారేలోగా

న్యూఢిల్లీ: పుష్యమాసపు రాత్రులలో రాజధానికి రెండు ముఖాలుంటాయి. మంత్రులు, పార్లమెంటు సభ్యులు నివసించే బంగళాలలో విద్యుత్ హీటర్లు ఎర్రబడతాయి. శివార్లలోని అద్దె గదులలో ఇనుప అంగీఠీ, అనగా మన కుంపటే, రాజుకుంటుంది. ఆ కుంపటి ప్రక్కన పడుకొన్న వారిలో ఏటా కొందరు తెల్లవారి లేవరు. మరునాడు పత్రికలలో నాలుగు పంక్తుల వార్త వస్తుంది. వ్యవహారం అంతటితో సరి.

2024 జనవరి 14న, మన పల్లెలలో భోగిమంటలు వేసుకొన్న ఉదయాన, ఢిల్లీ ఉత్తరపు కొసన అలీపూర్ సమీపంలోని ఖేడా కలాన్‌లో ఒక గది తలుపు ఎంతకూ తెరుచుకోలేదు. లోపల భార్యాభర్తలు, ఇద్దరు పసిపిల్లలు నిర్జీవులై ఉన్నారు. గదిలో బొగ్గుల కుంపటి ఉంది. అదే రోజున ఇంద్రపురిలో, నేపాల్ నుంచి పొట్టకూటికై వచ్చిన ఇద్దరు ఇదే విధంగా మరణించారు.

దీనిని పేదల అజ్ఞానమని కొట్టివేయడానికి వీలులేదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దమన్ అనే కొండ విడిదిలో కేరళకు చెందిన యాత్రికులు ఎనిమిదిమంది, వారిలో నలుగురు పిల్లలు, ఒకే గదిలో గ్యాస్ హీటరు వెలిగించుకొని, తలుపులు బిగించుకొని పడుకొని ప్రాణాలు కోల్పోయారు. వారు చదువుకొన్నవారే.

అసలు మోసం పొగలో లేదు, పొగ లేకపోవడంలో ఉంది. బొగ్గులను ఆరుబయట రాజేసి, పొగంతా పోయి నిప్పులు కణకణలాడేదాకా ఆగి, ఇక భయం లేదనుకొని కుంపటిని లోపలికి తెస్తారు. గాలి చాలక కాలే ఆ నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండించే గుణమూ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా బలంగా దానిని పట్టుకొంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలవుతాయి. చలి సోకిందనుకొని మనిషి కుంపటికి మరింత దగ్గరగా జరుగుతాడు! నిద్రలో ఉన్నవారికి ఆపాటి హెచ్చరిక కూడా అందదు.

గదిలో గిన్నెడు నీళ్లు పెడితే చాలునని ఇక్కడ చాలామంది నమ్మకం. ఈ వాయువు నీటిలో దాదాపు కరగదు. కోవిడ్ కాలంలో ఇంటింటా కొన్న ఆక్సీమీటరు కూడా ఇక్కడ మోసగిస్తుంది. విషమెక్కిన రక్తాన్ని ప్రాణవాయువు నిండిన రక్తంగా లెక్కగట్టి చూపుతుంది. స్పృహ తప్పినవారిని ముందు బయటి గాలికి చేర్చి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి. మామూలు గాలిలో ఈ విషం సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నర చాలు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. కాపలాదారులు, పారిశుద్ధ్య సిబ్బంది చలిమంటలు వేయకుండా వారికి కాలనీ సంఘాలు విద్యుత్ హీటర్లు సమకూర్చాలని రాజధాని ప్రాంతపు కాలుష్య నివారణ ప్రణాళికలో నిబంధన ఉంది. అయితే అది నగరంపైని ఆకాశాన్ని చూసి వ్రాసిన నిబంధన. ఆ కాపలాదారు పని ముగించుకొని చేరే పదడుగుల గదిలోకి అది తొంగిచూడదు. ఢిల్లీ ప్రభుత్వం 2019లో గృహాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తును ఉచితం చేసింది. సొంత మీటరు లేక, యజమాని చెప్పిన రేటు చెల్లించే అద్దెదారుకు ఆ ఉచితం అందడం కష్టం. అద్దెదారులకు వేరే మీటరు ఇచ్చే పథకాన్ని కూడా అదే ఏడాది ప్రకటించారు. కాని అద్దె కాగితం చూపలేనివాడు మీటరు అడగగలడా? బొగ్గు కొనడానికి ఏ కాగితమూ అక్కరలేదు.

కుంపటి తప్పనివారు పడుకొనే ముందు దానిని గుమ్మం దాటించాలి. గది వెచ్చగా ఉన్నంతసేపూ కిటికీ కొంతైనా తెరిచి ఉంచాలి. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరుదీ ఇదే స్వభావం. సివిల్స్ పరీక్షల కోసం వచ్చి ముఖర్జీనగర్, రాజిందర్‌నగర్‌లలో గదులు తీసుకొన్న మన పిల్లలను తల్లిదండ్రులు ఫోనులో భోజనం సంగతి అడిగాక, గీజరు ఎక్కడ బిగించారని కూడా ఒకసారి అడగాలి.