తలక్రిందులుగా పరుగెత్తు బండి

ఉయ్యాల ఎత్తునకు పోయి తిరిగి దిగునపుడు కడుపులో ఏదో జారినట్లు తోచును. ఆ అనుభవమును కోరి, డబ్బిచ్చి పొందు వినోదమే రోలర్ కోస్టరు. ఇంజను లేని బండిని గొలుసుతో ఎత్తునకు లాగి విడిచినచో, అది ఎగుడుదిగుడు పట్టాలపై తనంత తాను పరుగెత్తును. ఇట్టి బండ్లను పోల్చునపుడు చాలమంది ఎత్తును, వేగమును మాత్రమే చూతురు. నిజమునకు మూడు ప్రశ్నలు వేయవలెను. ఉల్లాసము ఎంత? సౌఖ్యము ఎంత? భద్రత ఎంత? ఈ మూడింటికి కారణములు వేరువేరు.

ఉల్లాసము

అమెరికాలో న్యూయార్కు నగరమునకు చెందిన కోనీ ద్వీపమున 1884లో లామార్కస్ థాంప్సన్ ఒక బండిని నడిపెను. దాని వేగము గంటకు సుమారు 10 కిలోమీటర్లు మాత్రమే. సైకిలు అంతకంటె వేగముగా పోగలదు. అయినను జనము ఎగబడి ఎక్కిరి. అచ్చటనే 1927లో 'సైక్లోన్' అను కొయ్యపట్టాల కోస్టరు వెలసెను. నేటికిని నడచుచున్న దాని ఎత్తు సుమారు 26 మీటర్లు.

ఇంత ఎత్తునుండి దిగు బండి వేగమును లెక్కించుట సులభము. స్థితిజశక్తి గతిజశక్తిగా మారును. ఘర్షణను విడిచినచో 2 × 9.8 × 26 అను లబ్ధమునకు వర్గమూలమే వేగము. అది సెకనుకు సుమారు 22.6 మీటర్లు, అనగా గంటకు 81 కిలోమీటర్లు. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడను రాలేదని గమనింపుడు.

ఇంతకంటె వేగముగా పోవు రైలులో ప్రయాణికులు హాయిగా నిద్రింతురు. కనుక ఉల్లాసమునకు మూలము వేగము కాదు. వేగము యొక్క పరిమాణములో గాని, దిశలో గాని కలుగు మార్పు, అనగా త్వరణము. మిట్టను దాటునపుడు ఆసనము మనలను మోయుట తగ్గి, ఒడలు తేలికయైనట్లుండును. పల్లములో ఆసనము మనలను గట్టిగా పైకి నెట్టి, ఒడలు బరువెక్కినట్లుండును.

సౌఖ్యము

1895లో కోనీ ద్వీపముననే 'ఫ్లిప్ ఫ్లాప్' అను బండిలో జనమును నిలువుగా, తలక్రిందులుగా త్రిప్పిరి. దాని చుట్టు సరియైన వృత్తము. ఎక్కినవారు మెడనొప్పులతో దిగిరి. కొలది ఏండ్లకే అది మూతపడెను. దోషమెక్కడ ఉన్నదో విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును.

వృత్తశిఖరమున బండి పట్టాను విడువకుండుటకు వేగవర్గము కనీసము 'గురుత్వ త్వరణము × వ్యాసార్థము' కావలెను. శిఖరమునుండి అడుగునకు రెండు వ్యాసార్థములు దిగుటవలన దానికి మరి నాలుగు రెట్లు చేరి, అడుగున అది ఐదు రెట్లగును. దానిని వ్యాసార్థముచే భాగించినచో, గురుత్వ త్వరణమునకు ఐదు రెట్ల త్వరణము వచ్చును. మన సహజ భారమును కూడ కలిపినచో మొత్తము 6 రెట్లు! 50 కిలోల విద్యార్థికి అడుగున తన బరువు 300 కిలోలైనట్లు తోచును. ఈ ఫలితములో వ్యాసార్థము లేదు. కావున వృత్తమును ఎంత పెద్దది చేసినను బాధ తప్పదు.

మార్పవలసినది ఆకారము. చుట్టు ఎత్తు అంతే ఉంచి, అడుగున వంపు వ్యాసార్థమును రెట్టింపు, శిఖరమున సగము చేసితిమనుకొందము. అప్పుడు శిఖరమున చాలిన వేగవర్గము సగమునకు తగ్గును. అడుగున అది నాలుగున్నర రెట్లగును. దానిని రెట్టింపు వ్యాసార్థముచే భాగించినచో రెండుంబావు వచ్చును. సహజ భారముతో కలిపి మూడుంబావు రెట్లు మాత్రమే.

1976లో కాలిఫోర్నియాలోని మేజిక్ మౌంటెన్ వినోదవనమున జర్మనులైన ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్ 'రివల్యూషన్' కోస్టరునకు ఇట్టి కన్నీటిబొట్టు ఆకారమునే వాడిరి. ఈ చుట్టులో వాడు వక్రమునకు క్లోథాయిడ్ అని పేరు. దీనిలో వంపు క్రమక్రమముగా పెరుగును గాన కుదుపును తగ్గును. రైలుమార్గము తిన్నని దారినుండి మలుపునకు పోవుచోట ఇంజనీర్లు వాడునదియు ఇట్టి వక్రమే.

భద్రత

1919లో జాన్ మిల్లర్ పట్టా క్రిందుగా కూడ చక్రములను అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. నేడు పట్టాకు పైన, ప్రక్కన, క్రింద చక్రములుండుటచే బండి ఎగిరిపోజాలదు. ఎక్కునపుడు వినబడు టకటక శబ్దము సాధారణముగా బండి వెనుకకు జారకుండ ఆపు పండ్లపట్టీది. ఇక మార్గమును భాగములుగా విభజించి, ముందున్న భాగము ఖాళీ అయినగాని వెనుక బండిని విడువకుందురు. ఇది రైల్వేలు అనుసరించు నియమమే.

ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్‌లో 2013లో ప్రారంభమైన 'స్మైలర్' బండి 14 మార్లు తలక్రిందులగును. 2015 జూన్ 2న ఖాళీ బండి ఒకటి మార్గమధ్యమున నిలిచిపోయెను. దానిని గుర్తించి కంప్యూటరు వెనుక బండిని సక్రమముగనే ఆపెను. ముందు బండి లేదని భ్రమించిన సిబ్బంది ఆ ఆజ్ఞను త్రోసిపుచ్చి 16 మందితోనున్న బండిని నడిపిరి. రెండును ఢీకొనెను. ఇద్దరు యువతులు చెరియొక కాలు కోల్పోయిరి. 2016లో న్యాయస్థానము నిర్వాహక సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించెను. పట్టాలలోగాని బండ్లలోగాని దోషము లేదని విచారణలో తేలెను.

ఆ 14 చుట్లు ఎవరికిని హాని చేయలేదు. హాని చేసినది ఒక్క నియమోల్లంఘన. ఉల్లాసము త్వరణమునుండియు, సౌఖ్యము వక్రముయొక్క ఆకారమునుండియు పుట్టును. భద్రత మాత్రము యంత్రమును, దానిని నడుపు మనుష్యుని క్రమశిక్షణను, రెండింటిని ఆశ్రయించియుండును. ఎక్కువ భయపెట్టు బండియే ఎక్కువ అపాయకరమని తలచుట పొరపాటు. మెల్లగా పోవు బండి సురక్షితమని నమ్ముటయు అంతే పొరపాటు.